నొప్పి తెలియని చెయ్యి

ఆ ఆదివారం మధ్యాహ్నం గార్లలో మా మిషన్ ఇంటి వంటింట్లో పప్పు మూకుడు దించుతున్నాను. ఆరాధన అయ్యాక చుట్టుపక్కల పల్లెల నుంచి నడిచివచ్చినవాళ్లకు అన్నం పెట్టి పంపడం మా అలవాటు. మసిగుడ్డ ఒక్కటే దొరికింది. దాన్ని ఎడమచేతికి పెట్టుకుని, కుడిచేతిని వట్టిగానే ఆనించి ఇనప మూకుడు ఎత్తాను. నాలుగడుగులు వేశానో లేదో, ఇస్తర్లు పరుస్తున్న సారవ్వ తలెత్తి చూసింది.

"బిడ్డా, చెయ్యి కాల్తున్నది. ఇడిసిపెట్టు."

"ఏం కాలడం లేదు సారవ్వా."

"వాసనొస్తున్నది బిడ్డా."

అప్పుడు నాకూ వాసన తగిలింది. మూకుడు కింద పెట్టి చెయ్యి చూసుకున్నాను. చిటికెన వేలి కింద అరచేతి అంచు తెల్లగా ఉడికిపోయి ఉంది. చర్మం కొంత మూకుడు చెవికే అంటుకుపోయింది. నొప్పి లేదు. మంట లేదు. ఎవరిదో చెయ్యి చూస్తున్నట్టు చూస్తూ నిలబడ్డాను.

నా పేరు ఎస్తేరు. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. మాది రేపల్లె పక్కన ఒక పల్లె. మా సంఘం నన్ను గార్లకు పంపినప్పుడు విదేశానికి పంపుతున్నట్టే ప్రార్థనలు చేసింది. అది విదేశమే. మాది తెల్లవాళ్ల ఏలుబడి, అవతల నిజాం రాజ్యం. రైలు సరిహద్దు దాటగానే కరోడ్‌గిరి వాళ్లు ఎక్కి పెట్టెలు విప్పించి, నా చీరలూ పాటల పుస్తకాలూ తిరగేసి సుంకం కట్టేవి ఏమైనా ఉన్నాయా అని అడిగారు. నాణేలు వేరు, కచేరీల్లో భాష వేరు. తెలుగు మాత్రం తెలుగే అనుకున్నాను. మొదటిరోజు సారవ్వ "ఏం కూర వండుమంటవ్ బిడ్డా, జర చెప్పరాదు" అంటే, చెప్పకూడదంటోందని అర్థం చేసుకుని నోరు మూసుకుని కూర్చున్నాను. ఆమె చాలాసేపు నవ్వింది.

సారవ్వ విధవ. మిషన్ ఇంట్లో వంట చేసేది, పల్లెలకు నాకు తోడొచ్చేది. పొద్దున్నే లేచి ప్రార్థన చేసుకుని, సంచిలో క్వినైన్ బిళ్లలు, అయోడిన్ సీసా, పాటల పుస్తకం వేసుకుని బయలుదేరేవాళ్లం. కూలికి పోకముందే ఆడవాళ్లను పట్టుకోవాలి. పాట నేర్పడం, పిల్లల పుళ్లు కడగడం, ఒక కథ చెప్పడం. అందరూ దొరల పొలాల్లో వెట్టి చేసేవాళ్లే. కథ మధ్యలో దొర మనిషి వచ్చి కేకేస్తే లేచిపోయేవాళ్లు. అప్పటికే దొరల మీద తిరగబడ్డ కమ్యూనిస్టుల సంఘం జెండాలు ఊళ్లలో లేచాయి. మా మిషన్ కార్యదర్శి గారు మాత్రం వాటి ఊసెత్తవద్దని మాకు గట్టిగా చెప్పారు. మనం ఆత్మల పని మీద వచ్చాం, అనేవారు. ఆయనా మా కోస్తావారే. ఈ ప్రాంతపు మాటను వెక్కిరిస్తూ మాట్లాడటం ఆయనకు సరదా. సారవ్వ ఎదుటే వెక్కిరించేవారు.

చెయ్యి కాలిన సంగతి ఆయన చెవిన పడింది. ఆ వారమే గార్ల వచ్చారు. కట్టు విప్పించి చూసి, "నిజంగా నొప్పి లేదా?" అన్నారు.

"లేదండీ."

ఆయన ముఖం వెలిగిపోయింది. మరుసటి ఆదివారం నన్ను అందరి ముందు నిలబెట్టి సాక్ష్యం చెప్పించారు. అగ్నిలో పడినా కాలని పూర్వ భక్తులను తలచుకుని, వాళ్లను కాపాడిన దేవుడే ఈ అమ్మాయిని కాపాడాడని ప్రసంగం చేశారు. చెయ్యి పైకెత్తి చూపించమన్నారు. చూపించాను. అందరూ స్తోత్రం అన్నారు. తర్వాత మానుకోటలో, ఇంకో రెండు చోట్ల కూడా నన్ను తిప్పారు.

ఎవరూ డాక్టరు దగ్గరికి పొమ్మనలేదు. నొప్పి తెలియకపోవడం కంటే పెద్ద రోగలక్షణం ఏముంటుంది? ఆ రోజుల్లో దాన్ని మహిమ అన్నారు. ఆ స్తోత్రాలు గుర్తొస్తే ఇవాళ్టికీ నా పళ్లు బిగుసుకుంటాయి. ఆ సాక్ష్యాలు చెబుతూ తిరిగిన నెలల్లోనే నా నరం చచ్చిపోతూ వచ్చింది.

పుండు మానడానికి చాలా కాలం పట్టింది. ఈలోగా మోచేతి కింద రూపాయంత మచ్చ ఒకటి కనిపించింది. చుట్టూ ఉన్న చర్మం కంటే కొంచెం తెల్లగా, పొడిగా. దురద లేదు. సబ్బు పడలేదేమో అనుకున్నాను. తర్వాత రవిక గుండీలు పెట్టుకోవడం కష్టమైంది. చిటికెన వేలు పక్క వేలిని కలవదు. పాట నేర్పుతూ తాళం వేస్తే ఆ వేళ్లు తేలిపోతుండేవి.

మానుకోట బజారులో ఒక డాక్టరు చూసి, "తామర. ఎండలో తిరుగుతారు కదా" అని పసుపురంగు మలాము ఇచ్చాడు. మచ్చను చేత్తో ముట్టుకోనైనా లేదు. మలాము రాసుకుంటూ ఇంకొన్ని నెలలు గడిపాను. మచ్చ పెద్దదైంది. భుజం మీద ఇంకోటి వచ్చింది.

చివరికి సారవ్వే నన్ను ఒకరోజు కూర్చోబెట్టింది. "గిట్ల ప్రార్థన జేసుకుంట కూసుంటె అయితదా బిడ్డా? నాకైతే బుగులైతున్నది. పెద్ద దవాఖానకు పోదాం పా" అంది. ఆమె తన పని వదులుకుని నాతో రైలెక్కింది. వరంగల్లు వైపు ఒక మిషన్ ఆసుపత్రిలో అరవదేశం నుంచి వచ్చిన డాక్టరమ్మ ఉండేది. నలభై ఏళ్లావిడ, పొట్టిగా, చాలా తక్కువ మాట్లాడేది.

నన్ను కళ్లు మూసుకోమంది. దూదితో ముట్టినప్పుడల్లా ఎక్కడ ముట్టిందో వేలితో చూపించమంది. మెడ, భుజం, ముంజేయి చూపించాను. తర్వాత నిశ్శబ్దం.

"మొదలుపెట్టండి డాక్టరమ్మా" అన్నాను.

"ఇంతసేపూ ముడుతూనే ఉన్నానమ్మా" అంది.

కళ్లు తెరిచాను. ఆమె చేతిలో దూది లేదు, గుండుసూది ఉంది. మచ్చ మీద చిన్న చిన్న రక్తపు చుక్కలు. తర్వాత మోచేతి వెనక నరాన్ని వేళ్ల కింద దొర్లించింది. "అల్నార్ నర్వ్ తాడులా లావెక్కింది" అని నర్సుతో చెప్పింది. చెవి తమ్మె మీద సన్నగా గీసి, పరీక్షకు స్మియర్ తీసింది. సాయంత్రం పిలిచి నిలబెట్టకుండా కుర్చీలో కూర్చోబెట్టింది.

"స్మియర్ పాజిటివ్. బాసిల్లై, అంటే రోగం క్రిములు, ఉన్నాయి, కానీ తక్కువ. ఇది లెప్రసీ."

తెలుగులో ఆ మాట ఏమిటో నాకు తెలుసు. నేను పైకి అనలేదు, ఆమె కూడా అనలేదు.

"ఎక్కడ అంటిందో చెప్పలేం. ఏళ్ల కిందటే అంటి ఉండొచ్చు. నీ పాపం వల్ల రాలేదు. అది మాత్రం నాకు తెలుసు" అంది. ఆ ఒక్క మాటకు ఆమెను నేను ఎన్నటికీ మరిచిపోను. తర్వాత కొన్నేళ్ల దాకా ఇంకెవ్వరూ నాతో ఆ మాట అనలేదు.

గార్లకు తిరిగి వచ్చేసరికి కబురు మాకంటే ముందే చేరింది. కార్యదర్శి గారు ఇద్దరు పెద్దలతో వసారాలో కూర్చుని ఉన్నారు. నన్ను మెట్ల కిందే ఆగమన్నారు.

"చూడమ్మా ఎస్తేరూ, ఆరోగ్యం బాగాలేక ఇంటికి వెళ్లిందని చెబుతాం. నీ మంచికే. రోగం పేరు బయటికి వస్తే సేవకు మచ్చ."

"నేను ఇంటికి వెళ్లడం లేదండీ. జఫర్‌గఢ్ దగ్గర ఈ రోగులకున్న ఆశ్రమంలో చేరమన్నారు డాక్టరమ్మ."

"అది నీ ఇష్టం. ఇక్కడి నుంచి పంపినట్టు మాత్రం చెప్పకు."

"యేసు ప్రభువు కుష్ఠరోగిని ముట్టుకున్నాడని మొన్ననే పల్లెలో చెప్పి వచ్చాను అయ్యగారూ. ఆ పాఠం నాకు మీరే ఇచ్చారు."

పెద్దల్లో ఒకాయన నేలచూపులు చూశాడు. పెరట్లో పొగ లేస్తోంది. నా పరుపు, చాప, బట్టలు తగలబెడుతున్నారు. ఆ మంటలో నా వేద పుస్తకం కూడా ఉంది. బడిలో బహుమతిగా వచ్చిన పుస్తకం అది, మా అమ్మ దాని అట్టకు గుడ్డ కుట్టింది. తోలు అట్ట ముడుచుకుపోతుంటే చూశాను. ఎవరి దగ్గర నేర్చుకున్న వాక్యాన్ని పట్టుకుని ఇల్లు వదిలి వచ్చానో, ఆ మనుషులే దాన్ని నా చేతులు తగిలాయని కాల్చారు.

సారవ్వ నా పక్కన నిలబడి, వసారా వైపు చూసి నెమ్మదిగా అంది: "అయ్యా, ఈ పిల్లతోని రెండేండ్లు ఒక్క కంచంల తిన్న. నన్ను గూడ కాలవెడ్తరా?"

మరుసటిరోజు ఆమె నన్ను ఆశ్రమం గేటు దాకా దింపి వెళ్లింది. వెళ్లేముందు నా కుడిచేతిని, ఆ చచ్చుబడిన అంచుతో సహా, తన రెండు చేతుల్లో పెట్టుకుంది. నాకు సగమే తెలిసింది.

ఆశ్రమం ఊరికి దూరంగా బోడిగుట్టల మధ్య రెండు వరసల పాకలు. మగవాళ్లకొకటి, ఆడవాళ్లకొకటి. నాకు జత కుదిరింది లచ్చవ్వ. భూపాలపల్లి అడవి వైపు మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. రోగం తెలిసిన రోజునే మొగుడు ఇంట్లోంచి గెంటేశాడు. ముఖం మీద మచ్చల్లేవు గానీ కాళ్లకు అల్సర్లు. కట్టు కట్టుకుంటూ పాడుకునేది. మా పాటలు కావు, ఆమె పాటలు.

అక్కడి వైద్యమంటే చాల్‌మూగ్రా నూనె ఇంజెక్షన్లు. మచ్చ చుట్టూ చర్మంలోకి పొడుస్తారు. స్పర్శ లేనిచోట నొప్పి లేదు, ఉన్నచోట ప్రాణం పోతుంది. పొడిచిన చోటల్లా గడ్డలు కట్టేవి. కాంపౌండరును ఇది ఎంతమందికి నయం చేసిందని అడిగితే, "దేవుని చిత్తమమ్మా" అన్నాడు. ఆ మాట వింటేనే నాకు కోపం వచ్చేది. మందు పనిచెయ్యకపోతే దేవుని చిత్తం, ముద్ద ఉడక్కపోతే దేవుని చిత్తం. పొద్దున ప్రార్థనకు రానివాళ్లకు కట్లు ఆఖరున కట్టేవారు. నేను ప్రార్థనకు పోవడం మానేశాను. ఏ పని కోసం విదేశం వచ్చానో ఆ పని మానేశాను. లచ్చవ్వ పక్కన వరస చివర కూర్చునేదాన్ని.

"ఏందక్కా, దేవునితోని పంచాయితి వెట్టుకున్నవా?" అనేది లచ్చవ్వ. వయసులో చిన్నదాన్నయినా చదువుకున్నదాన్నని నన్ను అక్కా అనేది.

"మాట్లాడటం లేదు."

"నేనెప్పుడు మాట్లాడలే. ఇగ ఇద్దరం ఒక్కటే."

బయట లోకం తగలబడుతోంది. రజాకార్లు ఊళ్ల మీద పడుతున్నారని, గడ్డివాములు కాలుస్తున్నారని వచ్చినవాళ్లు చెప్పేవారు. మా గేటు దాకా ఎవరూ రాలేదు. రోగం మాకు కోటగోడ. ఆ తర్వాత యూనియన్ సైన్యం వచ్చింది, నవాబు దిగిపోయాడు. పండగ చేసుకున్నాం. కొన్నాళ్లకే మళ్లీ లారీలు తిరగడం మొదలైంది. ఈసారి పోలీసులవి, సంఘం వాళ్లను పట్టుకోవడానికి.

నెలనెలా ఆశ్రమానికి వచ్చే డాక్టరమ్మ ఒకసారి గోధుమరంగు సీసా తెచ్చింది. "సల్ఫోన్. కొత్త మందు. దీనితో స్మియర్లు నెగిటివ్ అవుతున్నాయి. కానీ ఏళ్ల తరబడి మింగాలి, మధ్యలో ఆపకూడదు" అంది. మొదట మాలో కొద్దిమందికే ఇచ్చింది. నేనూ లచ్చవ్వా అందులో ఉన్నాం.

కొన్ని నెలలకు మచ్చలు వాడిపోవడం కనిపించింది. ఆశపడ్డాను. అప్పుడే రియాక్షన్ వచ్చింది. ఒక ఉదయం లేచేసరికి మచ్చలన్నీ ఎర్రగా ఉబ్బి ఉన్నాయి, ఒళ్లు కాలిపోతోంది, మోచేతిలో కత్తి దిగినట్టు పోటు. ఇన్నాళ్లూ నొప్పి లేదని ఏడ్చినదాన్ని, ఇప్పుడు చేతిని గోడకేసి కొట్టుకున్నాను. కాంపౌండరు మందు పడలేదన్నాడు. డాక్టరమ్మ వచ్చి చూసి తల అడ్డంగా ఊపింది.

"ఇది న్యూరైటిస్, నరం వాపు. చస్తున్న క్రిములకు నీ శరీరం చేస్తున్న గొడవ. మందు కొన్నాళ్లు ఆపి, మళ్లీ చిన్న డోసుతో మొదలుపెడదాం. చెయ్యి కదలకుండా స్ప్లింట్ కట్టు వేస్తాను."

"చెయ్యి మళ్లీ మామూలవుతుందా?"

"క్రిమి పోతుంది. వేళ్లు తిరిగి రావు. నేను అబద్ధం చెప్పను."

చిటికెన వేలూ దాని పక్క వేలూ అప్పటికే కొక్కేల్లా వంగిపోయాయి. క్లా హ్యాండ్ అంటారు. పడుకుని ఆ స్ప్లింట్ చూసుకుంటూ లెక్క వేసుకునేదాన్ని. ఆ సాక్ష్యాలు చెప్పిన రోజుల్లోనే డాక్టరమ్మ ఆసుపత్రికి వెళ్లి ఉంటే ఈ రెండు వేళ్లూ నాకు మిగిలేవా? డాక్టరమ్మను అడిగాను. మిగిలి ఉండేవేమో అంది. ఆ 'ఏమో' మీద నేను చాలా ఏళ్లు బతికాను.

మళ్లీ చిన్న డోసు మొదలైన కొద్దికాలానికి మందు రావడం ఆగిపోయింది. సీసాలు రైల్లో జనగాం వస్తాయి, అక్కడి నుంచి బండిలో తెచ్చుకోవాలి. జనగాం చుట్టూ దినదినం సోదాలు. బండివాడు రానన్నాడు. కాంపౌండరు తలుపు దాటనన్నాడు. మధ్యలో ఆపితే ఏమవుతుందో నాకు తెలుసు. నా ముఖం మీద మచ్చల్లేవు, కొంగు కప్పుకుంటే చెయ్యి కనిపించదు. నేనే పోయి తెస్తానన్నాను.

స్టేషన్లో పెట్టె దొరికింది. తిరిగి వస్తుంటే ఊరి చివర పోలీసులు ఆపారు. రోడ్డు పక్క ఎండలో కొందరు ఆడవాళ్లను నేల మీద కూర్చోబెట్టారు. సంఘం దళాలకు అన్నం పెట్టారని పట్టుకొచ్చినవాళ్లు. ఒకామెకు పెదవి పగిలి ఉంది. పై అధికారి ఎవరో బయటి ప్రాంతంవాడు, తెలుగు రాదు. మన ప్రాంతపు జవాను ఒకడు నా పెట్టె విప్పించాడు. తెల్లబిళ్లలు చూసి కొంగు లాగాడు.

"గీ చేతులేంది? గీ కాలిన మచ్చలేంది? మందుగుండు చుట్టినవా?" అన్నాడు.

నా కుడిచేతి మీద ఏళ్ల వంట మచ్చలన్నీ ఉన్నాయి. అతను ఆ వంకరవేళ్లను పట్టుకుని అధికారికి చూపించాడు. "ఏ దళంల ఉన్నవ్? చెప్పు. చెప్పకుంటె చెప్పిస్తం."

"కుష్ఠు" అన్నాను.

అతను నా చేతిని నిప్పుకణికలా వదిలేశాడు. రెండడుగులు వెనక్కి వేసి, అరచేతిని ప్యాంటుకు తుడుచుకుంటూ అధికారికి ఏదో చెప్పాడు. అధికారి దూరం నుంచే కర్రతో పొమ్మన్నట్టు చూపించాడు. నేను నిర్దోషినని వదల్లేదు. నన్ను లారీ ఎక్కించుకోవడానికి భయపడి వదిలారు.

పెట్టె ఎత్తుకుని ఆ ఆడవాళ్ల పక్కనుంచి నడుస్తుంటే ఒక ముసలామె నా చీర అంచు పట్టుకుంది.

"బిడ్డా, గా రోగం నాకు గూడ ఉన్నదని చెప్పరాదు."

ఆమె కళ్లలోకి చూశాను. ఆమె అడుక్కోవడం లేదు. దారి ఒకటి కనిపించింది, దాన్ని పట్టుకుంటోంది, అంతే. నాకు అప్పుడు వచ్చిన కోపం ఎవరిమీదో ఈనాటికీ విడదీసి చెప్పలేను. ఒక మనిషి కుష్ఠురోగి అనిపించుకుంటే తప్ప బతకలేని రాజ్యం. నిజాంది పోయి ఇంకొకటి వచ్చినా అదే.

వెనక్కి తిరిగాను. "ఈమె కూడా మా ఆశ్రమం మనిషే. నాలుగు రోజుల కింద పారిపోయింది. తీసుకుపోతాను" అన్నాను.

జవాను నమ్మలేదు. "ఎట్ల తెల్వాలె?"

"వచ్చి ముట్టుకుని చూడండి."

అతను రాలేదు. నేను వంగి, నా కొక్కెం వేళ్లతో ముసలామె చెయ్యి పట్టుకుని లేపాను. ఎవరూ ఆపలేదు. ఊరు దాటేదాకా ఆమె నా చెయ్యి వదల్లేదు. దాటాక రోడ్డు మీదే కూర్చుండిపోయింది. పేరు ఎల్లవ్వ అని, కొడుకు దళంలో ఉన్నాడని, బతికున్నాడో లేదో తెలియదని చెప్పింది. మిగతా ఆడవాళ్లు ఏమయ్యారో నాకు తెలియదు. ఒక్కరినే తెచ్చుకోగలిగాను. పెదవి పగిలిన ఆమె నన్ను అడగలేదు. అడగకపోయినా ఆమెను కూడా మా మనిషే అని ఉండాల్సిందని చాలాసార్లు అనుకున్నాను. అలా అని ఉంటే ఎల్లవ్వను కూడా ఆపేసేవాళ్లేమో.

ఎల్లవ్వ మా పాకలో కొన్నాళ్లుంది. మా పక్కన పడుకుంది, మా కుండలో నీళ్లు తాగింది. ఏ రోగమూ రాలేదు. లచ్చవ్వ నవ్వింది. "మిషనోళ్లు అబద్ధమాడొద్దంటరు గద అక్కా. మరి గిదేంది?"

"అబద్ధమే" అన్నాను.

ఆ సాయంత్రం చాలాకాలం తర్వాత దేవుడితో మాట్లాడాను. క్షమించమని అడగలేదు. ఆ ఆడవాళ్లను రోడ్డు మీద కూర్చోబెట్టినప్పుడు నువ్వెక్కడున్నావని అడిగాను. అప్పటి నుంచి మళ్లీ అడుగుతూనే ఉన్నాను.

సల్ఫోన్ మరో మూడేళ్లకు పైగా మింగాను. స్మియర్ ఒకసారి నెగిటివ్ వచ్చి మళ్లీ పాజిటివ్ అయింది. తర్వాత వరసగా నెగిటివ్. ఒక రోజు డాక్టరమ్మ నా చెవి తమ్మె మీద గాటు పెట్టకుండానే, "ఇక చాలు. నువ్వు రోగివి కావు. నీ చెయ్యి వికలాంగం, అది రోగం కాదు. ఈ తేడా జనానికి నువ్వే చెప్పాలి" అంది.

ఆ సంవత్సరం మానుకోటలో మా మిషన్ మహాసభ జరిగింది. కార్యదర్శి గారు కబురు పెట్టారు, నేను బాగుపడ్డానని విన్నారట. వెళ్లాను. వేదిక పక్కకు పిలిచి ఆప్యాయంగా మాట్లాడారు. నన్ను ముట్టుకోలేదు గానీ చాలా దగ్గరగా నిలబడ్డారు.

"సంఘమంతా నీ కోసం ప్రార్థించిందమ్మా. ఆ సంగతి ఇవాళ నీ నోటితో చెప్పాలి. ఎంతమందికి బలం వస్తుందో."

"నేను ఇంటికి వెళ్లాననే కదండీ సంఘానికి చెప్పారు. ఏమని ప్రార్థించారు?"

ఆయన ముఖం మారింది. అప్పటికే నా పేరు పిలిచారు.

వేదిక ఎక్కి కుడిచెయ్యి ఎత్తి చూపించాను. ఇలా మాట్లాడాను: "ఈ చెయ్యి కాలితే మహిమ అన్నారు. అది కుష్ఠు. ఒక్కరు కూడా నన్ను ఆసుపత్రికి పంపలేదు. రోగమని తెలిశాక నా వేద పుస్తకం కాల్చారు. నన్ను బాగుచేసింది సల్ఫోన్ అనే మందు. ఆ మందును కనిపెట్టిన బుద్ధి దేవుడిచ్చాడంటే నాకు అభ్యంతరం లేదు. నా వేళ్లు పోయింది మాత్రం దేవుడి వల్ల కాదు. మీలో ఎవరి ఇంట్లోనైనా స్పర్శ లేని మచ్చ ఉంటే దాచకండి. రేపే నాతో రండి."

ఎవరూ స్తోత్రం అనలేదు. కార్యదర్శి గారు పాట అందుకున్నారు. పాట సగంలో ఉండగా ఆడవాళ్ల వైపు నుంచి సారవ్వ లేచి, అందరి ముందూ నా పక్కకు వచ్చి నిలబడింది. ముసలిదైపోయింది. సభ ముగిశాక చెట్టు కింద ముగ్గురు మనుషులు నా కోసం కాచుకుని ఉన్నారు. ఒకడు చొక్కా చెయ్యి పైకి మడిచి, "అక్కా, గిది జూడు" అన్నాడు. వాళ్లను తీసుకునే రైలెక్కాను. మిషన్ నన్ను మళ్లీ పిలవలేదు.

మా ఊరికి పోలేదు. పోతే మా చెల్లెళ్ల పెళ్లిళ్లు ఆగుతాయని నాన్న చెప్పి పంపారు. ఆయన మీద కోపం తగ్గడానికి చాలా కాలం పట్టింది, మొత్తం తగ్గిందని చెప్పలేను. లచ్చవ్వ కూడా నెగిటివ్ అయ్యాక, "మా దిక్కు పోదాం పా అక్కా. ఆడ దవాఖాన లేదు, డాక్టరు లేడు. నువ్వన్న ఉందువు" అంది. భూపాలపల్లి అప్పుడు అడవి మధ్య చిన్న ఊరు. గుడిసె వేసుకున్నాం. వారానికొక పల్లె తిరిగి మచ్చలు చూసేవాళ్లం, రోగమున్నవాళ్లను డాక్టరమ్మ దగ్గరికి నడిపించేవాళ్లం. తలుపులు మూసినవాళ్లున్నారు, రాళ్లు వేసినవాళ్లున్నారు. నా కోస్తా మాట ఎటుపోయిందో తెలియదు. ఇప్పుడు మా చుట్టాలెవరైనా కలిస్తే తెలంగాణవాళ్లా మాట్లాడుతున్నావంటారు.

నాకిప్పుడు ఎనభై దాటి చాలా కాలమైంది. లచ్చవ్వ లేదు. బొగ్గు గనులు వచ్చాయి, చెల్పూరు దగ్గర కరెంటు కేంద్రం వచ్చింది, ఊరు గుర్తుపట్టలేనంతగా పెరిగింది. రోజూ రాత్రి పడుకునే ముందు దీపం కింద చేతులు, కాళ్లు తిప్పి చూసుకుంటాను, తెలియకుండా ఏమైనా గుచ్చుకుందేమోనని. ఆదివారం గుడికి పోతాను. వెనక బెంచీ మీద కూర్చుంటాను. స్వస్థత సాక్ష్యాలు మొదలైతే లేచి బయటికొస్తాను. పాస్టరు గారు చిన్నవాడు, మొదట్లో నొచ్చుకునేవాడు, ఇప్పుడు అలవాటు పడ్డాడు.

మొన్న మా వీధిలో పెళ్లి కావాల్సిన అమ్మాయి ఒకతె బుగ్గ మీది మచ్చకు పౌడరు అద్దుకుంటూ తిరుగుతుంటే పిలిచి చూశాను. తల్లి నా మీద పడింది. "మా పిల్లకు గసొంటి రోగం అంటగట్టకు అవ్వా" అంది. అరవై ఏళ్ల కిందటి మాటే, ఒక్క అక్షరం మారలేదు. మందు ఇప్పుడు ఊరూరా ఉచితంగా ఇస్తున్నారు, నెలల్లో నయమవుతోంది, కానీ ఈ మాట మాత్రం నయం కావడం లేదు. నాలుగు రోజులు ఆ గడప వదల్లేదు. అయిదో రోజు తల్లే పిల్లను తీసుకుని వచ్చింది.

ఇది చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ఒంటిమీద చుట్టూ ఉన్న రంగుకంటే తేడాగా మచ్చ కనిపిస్తే కళ్లు మూసుకోండి, ఇంకొకరిని దాని మీద కలం మొన ఆనించమనండి. ఎక్కడ ఆనిందో చెప్పలేకపోతే ఆ రోజే ప్రభుత్వ ఆసుపత్రికి పోండి. ప్రార్థన చేసుకోవాలనుకుంటే చేసుకోండి, వద్దనను. దారిలో చేసుకోండి.